ఎన్4 పాసైనా నోరు ఎందుకు పెగల్లేదు? జపనీస్‌లో మాట, రాత ఎట్లా కొలుస్తారు

టేకులపల్లి నుంచి మాట్లాడుతున్నా. కొత్తగా చూస్తున్నవాళ్లకు ఒక ముక్క చెప్పి మొదలుపెడతా. నేను ఇక్కడ సాయంత్రం పూట జపనీస్ నేర్పుతుంటా. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, ఇల్లెందు పక్కన, అడవి అంచున ఉన్న మండలం మాది. "ఈడ జపనీస్ ఏంది?" అని నవ్వేవాళ్లు ఇప్పుడు తగ్గారు. ఎందుకో మధ్యలో మీకే అర్థమవుతుంది.

ఈమధ్య నాకొచ్చే మెసేజుల్లో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. "అన్నా, ఎన్4 పాసయ్యా. సర్టిఫికెట్ చేతిలో ఉంది. కానీ జపాన్ వాళ్లు వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేస్తే మాట పెగల్లేదు. ఇంతకీ నాకు జపనీస్ వచ్చినట్టా, రానట్టా?"

సూటిగా చెప్తా. వచ్చినట్టే, కానీ సగం. మిగతా సగం ఆ పరీక్ష మిమ్మల్ని అసలు అడగనే లేదు.

జేఎల్‌పీటీ అంటే జపనీస్ లాంగ్వేజ్ ప్రొఫిషియెన్సీ టెస్ట్. 1984లో మొదలైంది. జపాన్ ఫౌండేషన్, ఇంకో జపాన్ సంస్థ కలిసి నడుపుతాయి. 2010లో దాన్ని మార్చి ఎన్5 నుంచి ఎన్1 దాకా అయిదు మెట్లు చేశారు. ఎన్5 కింది మెట్టు, ఎన్1 పై మెట్టు. మొత్తం 180 మార్కులు. ఎన్5కు 80, ఎన్4కు 90 వస్తే పాస్. కాకపోతే ఒక్కో భాగంలో కూడా కనీస మార్కు దాటాలి. ఇంతకీ ఆ భాగాల్లో ఏముంటాయి? పదాలు, వ్యాకరణం, చదవడం, వినడం. అంతే. మాట్లాడే భాగం లేదు, రాసే భాగం లేదు. కింది మెట్టులోనే కాదు, ఎన్1లో కూడా లేదు. ఇచ్చిన జవాబుల్లో ఒకదాని గుండ్రం పెన్సిల్‌తో నింపడమే పని. ఒక్క కంజి అక్షరం చేత్తో రాయకుండా, ఒక్క వాక్యం నోటితో పలకకుండా ఎన్1 తెచ్చుకోవచ్చు. ఇది పరీక్షను తిట్టడం కాదు. అది కొలుస్తానన్నదాన్ని బాగానే కొలుస్తుంది. మనమే దాన్ని పూర్తి కొలత అనుకుంటున్నాం.

ఎందుకు పెట్టలేదు అని అడుగుతారు. లెక్క చూడండి. 2019లో ప్రపంచం మొత్తం మీద ఈ పరీక్షకు దరఖాస్తు చేసినవాళ్లు 10 లక్షలు దాటారు. గుండ్రాలైతే యంత్రం దిద్దుతుంది. అదే ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడించాలంటే, మాట్లాడించే మనిషి కావాలి, ఆ మనిషికి శిక్షణ కావాలి, ఇద్దరు పరీక్షకులు ఒకే మాటకు ఒకే మార్కు వేసేలా చూడాలి. ఖర్చు ఎక్కడికో పోతుంది, ఫీజు మన జేబులోంచి పోతుంది.

జేఎల్‌పీటీ వెబ్‌సైట్‌లో "క్యాన్-డూ" అని ఒక పట్టిక ఉంటుంది. ఏ లెవెల్ వాళ్లు ఏం మాట్లాడగలరు, ఏం రాయగలరు అని అందులో రాసి ఉంటుంది. దాన్ని చూసి "ఎన్3 పాసైతే ఇవన్నీ మాట్లాడొచ్చు" అనుకుంటారు చాలామంది. అది పరీక్ష కొలిచి చెప్పిన మాట కాదు. పరీక్ష రాసినవాళ్లను సర్వే చేసి, మీరేం చేయగలరనుకుంటున్నారు అని అడిగితే వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నది. ఆ తేడా మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు మన వైపు సంగతికి వద్దాం. ఇక్కడ జపనీస్ అడిగేవాళ్లలో ఎక్కువమంది నర్సింగ్ చదివినవాళ్లు, లేదా చదువుతున్నవాళ్లు. జపాన్‌లో ముసలివాళ్లు ఎక్కువ, వాళ్లను చూసుకునే చేతులు తక్కువ. అందుకే ఆ దేశం 2019 ఏప్రిల్‌లో "స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్" అనే కొత్త వీసా తెచ్చింది. 2021 జనవరిలో దాని మీద ఇండియా, జపాన్ ఒప్పందం చేసుకున్నాయి. 2025 ఆగస్టులో రెండు దేశాలూ ఇంకో ప్రణాళిక ప్రకటించాయి. అందులో అయిదేళ్లలో ఇండియా నుంచి 50,000 మంది నైపుణ్యం ఉన్నవాళ్లు జపాన్ వెళ్లాలన్నది లక్ష్యం. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సింగ్ వాళ్లకు జపనీస్ నేర్పించి పంపే పని చేస్తోంది. నవ్వేవాళ్లు ఎందుకు తగ్గారో ఇప్పుడు తెలిసిందిగా.

ఈ వీసాకు భాష ఎట్లా చూపించాలి? ఎన్4 అయినా పర్వాలేదు, లేకపోతే జేఎఫ్‌టీ బేసిక్ అనే పరీక్ష అయినా సరిపోతుంది. జేఎఫ్‌టీ కంప్యూటర్ మీద, 60 నిమిషాలు, 250కి 200 రావాలి. అందులో "సంభాషణ, వ్యక్తీకరణ" అని ఒక భాగం ఉంది. పేరు చూసి మోసపోకండి. అక్కడ కూడా సంభాషణలో ఖాళీకి సరిపోయే మాట ఎంచుకుని మౌస్‌తో నొక్కడమే. తర్వాత కేర్ పనికి వెళ్లేవాళ్లకు ఇంకో రెండు ఉంటాయి. కేర్ నైపుణ్యం మీద 45 ప్రశ్నలు, 60 నిమిషాలు. కేర్ పనిలో వాడే జపనీస్ మీద 15 ప్రశ్నలు, 30 నిమిషాలు. ఇవీ నొక్కేవే. అంటే మూడు పరీక్షలు పాసై ఇంటర్వ్యూ దాకా వచ్చేసరికి, ఒక్కసారి కూడా ఎవరూ మిమ్మల్ని "మాట్లాడు" అనలేదు. "రాయి" అనలేదు. మొదటిసారి అడిగేది జీతం ఇవ్వబోయే మనిషి. అదీ ఎక్కడో సిగ్నల్ వచ్చీ రాని చోట, ఫోన్ స్క్రీన్ మీద.

దీనివల్ల నష్టం ఏంటంటే, ఉద్యోగం రాకపోవడం ఒక్కటే కాదు. ఉద్యోగం వచ్చాక కూడా ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. నేను క్లాసులో దీన్ని మళ్లీ మళ్లీ వాడతా.

రాత్రి డ్యూటీ. మధ్యలో మీరు వెళ్లేసరికి బాత్రూమ్ ముందు ఒక పెద్దావిడ నేల మీద ఉంది. మీరు ఆమె పడటం చూడలేదు. పొద్దున డ్యూటీ మారేటప్పుడు తర్వాతి వాళ్లకు నోటితో చెప్పాలి, రికార్డులో రాయాలి. ఏమని రాస్తారు? "తఒరెమషిత" అంటే "పడిపోయారు". "తఒరెతె ఇమషిత" అంటే "పడి ఉన్నారు". మొదటిది రాస్తే మీరు అక్కడే ఉండి, పడుతుంటే చూశారనే అర్థం వస్తుంది. తల తగిలిందా, ఎటు పక్కకు పడ్డారు అని డాక్టరు మిమ్మల్నే అడుగుతాడు. రెండోది రాస్తే, ఎప్పటి నుంచి పడి ఉన్నారో తెలియదు, జాగ్రత్తగా పరీక్ష చేయాలి అని అర్థం చేసుకుంటారు. పేపర్ మీద ఈ రెండూ ఆప్షన్లుగా ఇస్తే మా క్లాసులో దాదాపు అందరూ సరిగ్గానే గుర్తుపడతారు. తెల్ల కాగితం ఇచ్చి "జరిగింది రాయండి" అంటే మొదటిదే రాస్తారు. గుర్తుపట్టడం వేరు, అవసరమైనప్పుడు లోపలి నుంచి తీయడం వేరు.

ఇందులో ఇంకో సంగతి గమనించారా? "పడి ఉన్నారు" అనే మాట తెలుగులో ఎట్లా కట్టామో, జపనీస్‌లో కూడా అచ్చం అట్లాగే కట్టారు. "తఒరెతె" అంటే "పడి", "ఇమషిత" అంటే "ఉన్నారు". "తబెతె మిరు" అంటే "తిని చూడు". తెలుగులో "చూడు" ఏ పని చేస్తుందో అక్కడ "మిరు" అదే పని చేస్తుంది. "కినో అమె గ ఫుత్తె, బసు గ కొనకత్త కర, ఉచి ని ఇమషిత." నిన్న వాన పడి, బస్సు రాలేదు కాబట్టి, ఇంట్లో ఉన్నాను. పదాల వరుస చూడండి, ఒక్కటి కూడా అటూ ఇటూ జరగలేదు. "కాబట్టి" ఎక్కడుందో "కర" అక్కడే ఉంది. ఇంగ్లీషు మీదుగా జపనీస్ నేర్చుకుంటే ఈ వాక్యాన్ని తలకిందులు చేసి మళ్లీ నిలబెట్టాలి. అందుకే నేను క్లాసులో ఇంగ్లీషు అడ్డం పెట్టను.

సరే, నిజంగా మాటను కొలిచే పరీక్షలు ఎట్లా పనిచేస్తాయో చూద్దాం. ఓపీఐ అని ఒకటి ఉంది, ఓరల్ ప్రొఫిషియెన్సీ ఇంటర్వ్యూ. అమెరికాలో యాక్ట్‌ఫుల్ అనే సంస్థ తయారుచేసింది, జపనీస్ సహా చాలా భాషలకు ఉంది. అరగంట లోపు మాటామంతీ. మొదట తేలికగా పలకరిస్తారు. తర్వాత మీరు చెప్పినదాన్నే పట్టుకుని కొంచెం కష్టమైన ప్రశ్న వేస్తారు. అదీ చెప్తే ఇంకొంచెం. ఎక్కడో ఒకచోట మీరు తడబడతారు. అప్పుడు మళ్లీ కిందికి దిగి, మీకు వచ్చిన దగ్గర ముగిస్తారు.

ఇది తెలియక మనవాళ్లు చాలామంది తడబడిన నిమిషంలోనే "అయిపోయింది, ఫెయిల్" అనుకుని చేతులెత్తేస్తారు. తడబడటం ఆ పరీక్షలో పద్ధతి ప్రకారం జరిగేదే. మీరు ఏ మెట్టు మీద నిలబడగలరు, ఏ మెట్టు మీద కాలు జారుతుంది అనే రెండూ తెలిస్తేనే వాళ్లు లెవెల్ తేల్చగలరు. కాలు జారేదాకా తీసుకెళ్లడం వాళ్ల పని.

మార్కులు దేనికి వేస్తారు? తప్పులు లెక్కపెట్టి కోసేయరు. ఏ పని చేయగలిగావు అన్నది మొదట. ఏ విషయం మీద, ఎలాంటి సందర్భంలో మాట్లాడగలవు అన్నది తర్వాత. ఎదుటి మనిషికి ఎంత అర్థమైంది అన్నది ఒకటి. నాకు అన్నిటికంటే ఉపయోగపడేది ఇంకోటి: నీ మాట ఏ సైజులో వస్తోంది? విడి పదాలా, విడి వాక్యాలా, ఒకదానితో ఒకటి కలిసిన పేరానా?

దీన్ని మన ఊరి లెక్కలో చెప్తా. ఎండాకాలం తునికాకు సేకరణ అడిగారనుకోండి. ఒకడు "ఆకు. అడవి. పొద్దున్నే" అంటాడు. ఇంకొకడు "మేము అడవికి వెళ్తాం. ఆకు కోస్తాం. కట్టలు కడతాం" అంటాడు. మూడోవాడు "తెల్లారకముందే వెళ్లి, లేత ఆకు చూసి కోసి, ఇంటికి తెచ్చి యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, ఎండ ముదరకముందే కల్లానికి తీసుకెళ్తాం, ఎందుకంటే..." అని పోతాడు. ముగ్గురికీ పదాలు దాదాపు ఒకటే వచ్చు. మూడోవాడు రెండు మెట్లు పైన ఉన్నాడు. వాడికి ఎక్కువ కంజి వచ్చని కాదు. వాడు "వెళ్లి, కోసి, తెచ్చి" అని కలపగలిగాడు. జపనీస్‌లో ఆ కలిపే ముక్క "తె". చూశారుగా, మనకు అలవాటైనదే.

ఇంటర్వ్యూకు బట్టీ పట్టిన పరిచయం ఎందుకు పనికిరాదో కూడా ఇందులోనే ఉంది. "హజిమెమషితె" నుంచి "యొరొషికు ఒనెగయిషిమసు" దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తారు. బాగానే ఉంటుంది. ఎదుటి మనిషి "తెలంగాణ అన్నారు కదా, అక్కడ వానాకాలం ఎట్లా ఉంటుంది?" అని మధ్యలో ఒక్క ప్రశ్న వేస్తాడు. అంతే, టేప్ ఆగిపోతుంది. నేను మాక్ ఇంటర్వ్యూలు పెట్టినప్పుడు రెండో వాక్యం దగ్గరే ఆపి అడుగుతా. మొదట్లో తిట్టుకుంటారు, నాలుగో రోజుకు అలవాటవుతుంది.

ఇంకో మాట. మాట్లాడటం అంటే మన వంతు వచ్చినప్పుడు పలకడమే కాదు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఏం చేస్తున్నాం అన్నది కూడా. మనకు దీనికి మంచి మాట ఉంది: ఊ కొట్టడం. నాయనమ్మ కథ చెప్తుంటే ఊ కొట్టకపోతే "నిద్రపోయావా?" అని ఆపేసేది కదా. జపనీస్‌లో దీన్ని "అయిజుచి" అంటారు. "హై", "సో దెసు నె", "నరుహొదొ" ఇట్లాంటివి. వాళ్లు మనకంటే ఎక్కువ ఊ కొడతారు. వీడియో కాల్‌లో మనవాళ్లు గౌరవం అనుకుని బొమ్మలా బిగుసుకుని కూర్చుంటారు. అటు పక్క మనిషికి మాట వినపడుతోందో లేదో, అర్థమవుతోందో లేదో తెలియదు. అర్థం కాకపోతే "సుమిమసెన్, మో ఇచిదొ ఒనెగయిషిమసు" అనండి. క్షమించండి, ఇంకోసారి చెప్పండి అని. దీనికి మార్కు పోదు. యూరప్ వాళ్ల సీఈఎఫ్ఆర్ కొలతలో మాటను చూసే అయిదు కోణాల్లో ఒకటి అచ్చంగా ఇదే, ఎదుటి మనిషితో మాట కలపడం. అర్థం కాకుండానే "హై, హై" అనడం మాత్రం ప్రమాదం. కేర్ హోమ్‌లో మందు గురించి చెప్తుంటే అట్లా అంటే ఏమవుతుందో ఆలోచించండి.

ఉచ్చారణ గురించి చాలామంది భయపడతారు, నిజానికి అక్కడ మనం అదృష్టవంతులం. "ఒబసన్" అంటే అత్త లేదా పిన్ని. "ఒబాసన్" అంటే అమ్మమ్మ. హ్రస్వం, దీర్ఘం తేడా మనకు చిన్నప్పటి గుణింతంలోనే వచ్చేసింది. "కితె" అంటే "వచ్చి", "కిత్తె" అంటే తపాలా బిళ్ల. ఒత్తు మనకు కొత్తా? ఒ, ఓ తేడా ఉన్న లిపి మనది, హిందీ వాళ్లకు ఆ సౌకర్యం లేదు. జపనీస్ "త్సు" శబ్దం చాలామందికి నోరు తిరగదు. "చలి" అని మన పెద్దవాళ్లు పలికినప్పుడు వచ్చే ఆ చ ఉందే, దాదాపు అదే. మనకు అడ్డొచ్చేది వేరే. జపనీస్‌లో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలను మనం మన ఇంగ్లీషులాగే పలుకుతాం. అక్కడ "బస్సు" కాదు, "బసు". "టెస్ట్" కాదు, "తెసుతొ". గట్టి ట, డ లు పక్కన పెట్టాలి.

మా మండలంలో కోయ పిల్లలు, లంబాడా పిల్లలు ఎక్కువ. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. "మాకు తెలుగే సరిగ్గా రాదు, జపనీస్ ఎట్లా వస్తుంది సార్" అంటారు. నేను ఉల్టా చెప్తా. పుస్తకం లేకుండా, తప్పులు మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక భాష నేర్చుకున్న అనుభవం మీకే ఉంది. మాట్లాడే పరీక్షకు కావాల్సింది ఆ తెగింపే.

ఇక రాత. చేత్తో రాయించి మార్కులు వేసే పరీక్ష ఒకటి చెప్తా, ఈజేయూ. జపాన్ యూనివర్సిటీల్లో చేరాలనుకునే విదేశీ విద్యార్థులకు 2002 నుంచి పెడుతున్నారు. ఏటా జూన్, నవంబర్‌లలో ఉంటుంది. జపనీస్ పేపర్‌లో రాసే భాగానికి అరగంట. రెండు అంశాలు ఇస్తారు, ఒకటి ఎంచుకుని 400 నుంచి 500 అక్షరాల్లో రాయాలి. 50 మార్కులు. చదవడం, వినడం మార్కులు 400, వాటితో కలపకుండా దీన్ని విడిగా చూపిస్తారు. అడిగినదానికే జవాబు చెప్పావా, అభిప్రాయానికి కారణం చూపావా, ఒక వరుసలో పేర్చావా అన్నది చూస్తారు. కష్టమైన కంజి నాలుగు ఇరికిస్తే మార్కులు రావు.

మనవాళ్లు ఎక్కువ పోగొట్టుకునేది శైలి కలగలపడంలో. జపనీస్‌లో "దెసు, మసు" అని ముగిసే మర్యాద శైలి ఒకటి, "ద, దె అరు" అని ముగిసే రాత శైలి ఇంకొకటి. ఒక వ్యాసంలో ఏదో ఒకటే ఉండాలి. "నేను పట్టణమునకు వెళ్లితిని, ఆ తర్వాత టీ తాగేశా" అని ఎవరైనా రాస్తే మీరు నవ్వరా? అట్లాగే ఉంటుంది వాళ్లకు. ఇంకోటి, ఫోన్ చేసే మోసం. ఫోన్‌లో శబ్దం కొడితే కంజి అదే వచ్చేస్తుంది, వేలు పెట్టి ఎంచుకుంటాం. చేతికి ఆ అక్షరం తెలియదు. కతకానలో షి, త్సు రెండూ ఒకేలా గీసేవాళ్లు ఎంతమందో! గీత పైనుంచి కిందికా, కింది నుంచి పైకా అన్నదే తేడా. అది చేత్తో రాస్తేనే పట్టుబడుతుంది.

మరి దగ్గర్లో సెంటర్ లేదు, మాట్లాడించే జపాన్ మనిషి లేడు, ఏం చేయాలి? చేతిలో ఫోన్ ఉంది కదా. దాని రికార్డర్‌కు నెట్ కూడా అక్కర్లేదు. రోజూ ఒక ప్రశ్న, ఒక్క నిమిషం. రాసుకుని చదవొద్దు. తర్వాత వినండి, మూడుసార్లు. మొదటిసారి వింటున్నప్పుడు తప్పులు పట్టించుకోకండి. అడిగిన పని అయ్యిందా లేదా, అంతే. రెండోసారి, ఎన్ని వాక్యాలు కలిశాయో చూడండి. మూడోసారి అర్థం మార్చేసే తప్పులు మాత్రమే రాసుకోండి. "పడిపోయారు", "పడి ఉన్నారు" లాంటివి. చిన్న విభక్తి తప్పులు తర్వాత సంగతి. ఆ రికార్డింగ్‌నే విని చేత్తో కాగితం మీద రాస్తే రాత కూడా అయిపోతుంది.

ఉచ్చారణకు ఫోన్‌లో జపనీస్ వాయిస్ టైపింగ్ పెట్టి ఒబసన్, ఒబాసన్ విడివిడిగా చెప్పి చూడండి, ఏది వచ్చిందో తెలుస్తుంది. పూర్తి వాక్యం చెప్తే అది సందర్భాన్ని బట్టి ఊహించి మీ తప్పును సరిచేసేస్తుంది, అందుకే విడి పదాలు. జపాన్ ఫౌండేషన్ వాళ్ల "ఇరొదొరి" పుస్తకం ఆడియోతో సహా ఉచితంగా దొరుకుతుంది. ప్రతి పాఠం "ఇది చేయగలను" అనే మాటతో మొదలవుతుంది. దాన్నే మీ రోజు ప్రశ్నగా పెట్టుకోండి. పక్కన ఒక స్నేహితుడు ఉంటే ఒకరి రికార్డింగ్ ఒకరు దిద్దండి. మన మాటకు మనమే మార్కులు వేసుకుంటే చెయ్యి కాస్త ధారాళంగా ఉంటుంది.

చివరగా, నిన్న ఒక చెల్లి అడిగింది, "అయితే ఎన్4 మానేసి మాటలే నేర్చుకోవాలా అన్నా?" వద్దమ్మా. ఎన్4, లేకపోతే జేఎఫ్‌టీ, ఏదో ఒకటి లేనిదే ఆ ఇంటర్వ్యూ గది తలుపు తెరుచుకోదు. అది రాయండి. మాక్ పేపర్‌కు రెండు గంటలు పెట్టిన రోజున, ఇరవై నిమిషాలు నోటికి, పది నిమిషాలు చేతికి ఇవ్వండి. ఈ రోజు ప్రశ్న నేనే ఇస్తున్నా: మీ ఊరి నుంచి హైదరాబాద్ ఎట్లా వెళ్లాలో, దారి తెలియని మనిషికి ఒక్క నిమిషంలో జపనీస్‌లో చెప్పండి. రికార్డ్ బటన్ నొక్కాక ఆపొద్దు.